చీజ్ వెంట కొండ దిగే పందెం: కూపర్స్ హిల్ కథేంటి?

ఈ రీల్ మీరందరూ ఒక్కసారైనా చూసే ఉంటారు. నిటారుగా ఉన్న గడ్డి కొండ. పైనుంచి ఒక గుండ్రటి చీజ్ దొర్లుతూ వస్తుంది. దాని వెనకాలే కుర్రాళ్లు పరిగెత్తి, జారి, పల్టీలు కొట్టి కింద పడతారు. మనం నవ్వేసి స్క్రోల్ చేసేస్తాం. కానీ దీని వెనక పెద్ద కథే ఉంది. ఈరోజు అదే చెప్పుకుందాం.

ఇది జరిగేది ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో, బ్రాక్‌వర్త్ అనే ఊరి పక్కన. కొండ పేరు కూపర్స్ హిల్. మామూలుగా ఏటా మే నెల చివరి సోమవారం, అక్కడ సెలవు రోజున పోటీ పెడతారు. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ పక్కాగా తెలియదు. దొరికిన పాత రాత ఆధారం మాత్రం 1826 నాటిది. అప్పటికే అది పాత ఆచారం అన్నమాట.

ఇక రూల్స్. చాలా సింపుల్. డబుల్ గ్లోస్టర్ అనే గట్టి చీజ్‌ని చక్రంలా చేస్తారు. బరువు 3 నుంచి 4 కిలోలు. దాన్ని ముందు వదులుతారు, వెంటనే పోటీదారులు దూకుతారు. చీజ్‌ని పట్టుకోవాలని రూలేమీ లేదు, అసలు దాన్ని అందుకోవడమే కష్టం. కింద గీత ఎవరు ముందు దాటితే చీజ్ వాళ్లదే. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేరువేరుగా పందేలుంటాయి.

మరి అందరూ ఎందుకు పడిపోతారు? దూరం చూస్తే సుమారు 180 మీటర్లే. కానీ వాలు ఎంతంటే, రెండు అడుగులు ముందుకు వెళ్తే ఒక అడుగు కిందికి దిగినట్టే. నేల కూడా ఎగుడుదిగుడు. వేగం పెరిగేకొద్దీ ఒంటి బరువు ముందుకి వెళ్లిపోతుంది, కాళ్లు వెనకబడతాయి. ఇంక దొర్లుడే! అందుకే ఇక్కడ గెలిచేది బాగా పరిగెత్తేవాడు మాత్రమే కాదు, పడ్డాక క్షణంలో లేచి మళ్లీ ఉరికేవాడు. బ్రాక్‌వర్త్‌కే చెందిన క్రిస్ ఆండర్సన్ ఇలా 2022 నాటికి 23 సార్లు గెలిచాడు. కింద రగ్బీ ఆటగాళ్లు నిలబడి, దూసుకొచ్చేవాళ్లను ఆపుతారు.

2023లో ఆడవాళ్ల పోటీలో ఇంకో వింత. కెనడా నుంచి వచ్చిన 19 ఏళ్ల డెలానీ ఇర్వింగ్ తలకి దెబ్బ తగిలి స్పృహ తప్పింది. అయినా దొర్లుతూ గీత దాటేసింది! తను గెలిచిన సంగతి మెడికల్ టెంట్‌లో కళ్లు తెరిచాకే తెలిసింది. వినడానికి భలే ఉంది కదా? కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ దెబ్బ ఇంకొంచెం గట్టిగా తగిలుంటే?

అసలు గొడవ ఇక్కడే. జనం మరీ ఎక్కువైపోయి, భద్రత కష్టమైపోయిందని 2010లో అధికారిక పోటీని రద్దు చేశారు. ఊరివాళ్లు ఊరుకున్నారా? లేదు. నిర్వాహకులు లేకుండానే వాళ్లే నడిపేశారు. 2013లో పోలీసులు, ఏళ్లుగా ఈ పందేనికి చీజ్ చేసిస్తున్న డయానా స్మార్ట్ అనే 86 ఏళ్ల పెద్దావిడను హెచ్చరించారు. ఎవరికైనా గాయాలైతే బాధ్యత మీ మీదకి రావచ్చు అని! ఆ ఏడాది నిజమైన చీజ్ బదులు తేలికపాటి నకిలీ చీజ్‌ని దొర్లించారు. పందెం మాత్రం ఆగలేదు.

నిజానికి వాళ్లకిది కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధం టైమ్‌లో చీజ్ రేషన్‌లో దొరికేది. అప్పుడు చెక్కతో చక్రం చేసి, లోపల చిన్న చీజ్ ముక్క పెట్టి దొర్లించారు. 1954 దాకా అలాగే నడిచింది.

అంటే వాళ్లు పరిగెత్తేది చీజ్ కోసం కాదు. ఇది మా ఊరిది, మేమే కాపాడుకోవాలి అనే పట్టుదల కోసం. అది గొప్ప విషయమే. కానీ నిర్వాహకులే లేని పోటీలో కాలు విరిగితే అడగడానికి ఎవరూ ఉండరు. ఆ కొండ గురించి తెలిసిన ఊరి కుర్రాడు దిగడం వేరు, రీల్ చూసి విమానం ఎక్కి వచ్చినవాడు దిగడం వేరు.

మరి మీరేమంటారు? ఇలాంటి ఆటల్ని ఆపాలా, లేక భద్రత పెంచి కొనసాగించాలా? కామెంట్స్‌లో చెప్పండి.