రాత్రిని కొలిచే మొక్కలు

నవంబరులో అరకు లోయకు వెళ్లినవారికి మొదట కంటపడేది వలిసె పూల పసుపు. ఆగస్టు ప్రాంతంలో చల్లిన విత్తనం అక్టోబరు దాకా ఆకులే వేస్తూ ఎదిగి, దసరా వెళ్లాక మొగ్గ తొడిగి, దీపావళి నాటికి కొండవాలంతా పరుచుకుంటుంది. ఆ రోజుల్లోనే ముంచంగిపుట్టు, పెదబయలు, జి.మాడుగుల, గూడెం కొత్తవీధి మండలాల లోపలి కొండల్లో, ఒడిశా సరిహద్దుకు ఇవతలా అవతలా, ఇంకో మొక్క కూడా పూతకు వస్తుంది. తొలకరికి మొలిచి, వానాకాలమంతా కొమ్మలు చాచి, మనిషిని మించి ఎదిగి, సరిగ్గా వలిసెలు పూసే కాలానికే అదీ పూస్తుంది. అది గంజాయి. వలిసెలు నూనెగింజ పంట. గంజాయి సాగు నేరం. చట్టం దృష్టిలో వీటి మధ్య ఏ పోలికా లేదు. మొక్క లోపలికి తొంగిచూస్తే మాత్రం రెండింటినీ పూతకు తెచ్చే సంకేతం ఒక్కటే. ఆ కొండల మీద రాత్రి పొడవు పెరుగుతోందని రెండూ తెలుసుకుంటున్నాయి.

ఎలా తెలుసుకుంటున్నాయన్నది ఇరవయ్యో శతాబ్దపు వృక్షశాస్త్రాన్ని చాలాకాలం వేధించిన ప్రశ్న. దాని జవాబు మన్యపు రైతుకూ, పోలీసుకూ, న్యాయమూర్తికీ కూడా పనికొచ్చేదే కాబట్టి కొంత ఓపికగా చూడాలి.

వెలుతురు మొక్కకు రెండు రకాలుగా ఉపయోగపడుతుంది. ఒకటి అందరికీ తెలిసిందే: ఎండలోని శక్తితో ఆకు పిండిపదార్థం తయారుచేసుకుంటుంది. దానికి వెలుతురు ధారాళంగా కావాలి. రెండో ఉపయోగం కాలాన్ని తెలుసుకోవడం. దీనికి చాలా కొద్దిపాటి వెలుతురు చాలు. ఆకులూ కొమ్మలూ పెంచుకునే దశను శాఖీయ దశ అంటాం, ఆ తరువాతది పుష్ప దశ. ఒక దశ నుంచి మరో దశకు మారడం వయసుతో వచ్చే మార్పని పూర్వం అనుకునేవారు. కొన్ని జాతుల విషయంలో అది నిజం కూడా. కానీ గంజాయి, వలిసెలు, చామంతి, కంది, పాతకాలపు సార్వా వరి రకాలు వయసు కంటే ఎక్కువగా ఆకాశాన్ని బట్టి నడుచుకుంటాయి.

ఈ రహస్యపు తొలి ఆధారం దొరికింది గంజాయి మొక్కలోనే. అదీ ఆరుబయట కాదు, శీతాకాలపు పారిస్‌లో, గాజు కప్పు కింద. జూలియన్ తూర్నువా అనే యువ పరిశోధకుడు జపాను హాప్స్ మొక్కలనూ, నార కోసం యూరపులో పెంచే హెంప్ అనే గంజాయి రకాన్నీ గ్రీన్‌హౌస్‌లో పెంచాడు. వేసవిలో నెలల తరబడి ఎదిగితే గాని పూయని మొక్కలు చలికాలంలో మొలిచిన కొద్ది రోజులకే, జానెడు ఎత్తు కూడా లేకుండానే పూశాయి. లోపల వెచ్చదనానికి లోటు లేదు. తేడా అల్లా వెలుతురు గంటల్లోనే ఉంది. 1912లో మొదటి ఫలితాలనూ, 1914లో వివరమైన అధ్యయనాన్నీ ప్రకటిస్తూ, ఈ తొందరపాటు పూతకు పగలు కురచ కావడం కంటే రాత్రి పొడుగు కావడమే అసలు కారణమని అతను తేల్చాడు. ఆ ఏడే మొదలైన ప్రపంచ యుద్ధం అతన్ని బలి తీసుకుంది. అతను చెప్పింది అక్షరాలా నిజమని రుజువు కావడానికి మరో పాతికేళ్లు పట్టింది. శాస్త్ర చరిత్రలో తూర్నువా పేరు ఇంత మరుగున పడి ఉండటం నాకు బాధగా తోస్తుంది.

1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ ఇదే దారిలో ఇంకా ముందుకు వెళ్లారు. మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం వేసవంతా తాడెత్తు పెరిగేది గాని పూసేది కాదు. దాని కుండీలను రోజూ సాయంత్రం కాకముందే చీకటి పాకలోకి తోసి, ఉదయం పొద్దెక్కాక బయటికి తీశారు. మొక్క పూసింది. కాంతి కాలావధి అనే భావన వాడుకలోకి వచ్చింది అప్పుడే; దీర్ఘ దిన మొక్కలు, హ్రస్వ దిన మొక్కలు అనే విభజన కూడా వారిదే. పేరు పగటిని బట్టి పెట్టారు గాని, 1938లో హామ్నర్, బోనర్ మన పొలంగట్ల మీద కూడా కనిపించే మరులమాతంగి మొక్కతో చేసిన ప్రయోగం అసలు లెక్క రాత్రిదేనని తేల్చింది. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే మొక్క పట్టించుకోలేదు. పొడుగు రాత్రి నడుమ కాసేపు దీపం వెలిగిస్తే మాత్రం పూత ఆగిపోయింది.

ఈ సూత్రంతోనే మన చామంతి రైతులు వ్యాపారం చేస్తున్నారు. చామంతి కూడా రాత్రి పొడుగయితేనే మొగ్గ తొడుగుతుంది. గోదావరి ఒడ్డున కడియం నర్సరీల్లో చలికాలం రాత్రుళ్లు చామంతి మడుల మీద బల్బులు వరుసలుగా వెలుగుతుంటాయి. మొక్క తొందరపడి పూయకుండా, ఇంకొంత కాలం కొమ్మలు వేసుకుని గుబురుగా ఎదగడానికి ఆ ఏర్పాటు. దీపాలు తీసేశాక రాత్రి తన పొడవుకు తాను వస్తుంది, పువ్వూ వస్తుంది.

ఇంత సున్నితంగా చీకటిని పట్టుకునే సాధనం ఏమిటన్నది తరువాతి ప్రశ్న. అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం 1952లో లెట్యూస్ గింజలపై ఎరుపు కాంతి పడితే అవి మొలుస్తాయనీ, వెంటనే దూర ఎరుపు కాంతి పడితే ఆ ప్రభావం చెరిగిపోతుందనీ చూపింది. ఒకే వర్ణద్రవ్యం రెండు రూపాల మధ్య మారుతోందన్నది వారి ఊహ. 1959లో ఆ పదార్థాన్ని ఉపకరణంతో పట్టుకున్నారు. దాని పేరు ఫైటోక్రోమ్. సుమారు 660 నానోమీటర్ల ఎరుపు కాంతికి అది చురుకు రూపంలోకి మారుతుంది, 730 నానోమీటర్ల కాంతికీ చీకటికీ వెనక్కి వెళుతుంది. అయితే ఫైటోక్రోమ్ ఒక్కటే గడియారం కాదు. ప్రతి కణంలో దాదాపు 24 గంటల ఆవృత్తితో తిరిగే జన్యువుల వలయం ఉంది. పొద్దు ఎప్పుడు పొడిచిందో, ఎప్పుడు గుంకిందో ఫైటోక్రోమ్ చెబితే, ఆ వలయం తన లెక్కతో సరిపోల్చుకుంటుంది.

సరిపోయినప్పుడు ఆకు ఒక కబురు పంపుతుంది. 1930ల్లో సోవియట్ శాస్త్రవేత్త చైలఖ్యాన్ ఆ కబురుకు ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. వస్తువు మాత్రం డెబ్బై ఏళ్ల దాకా చేతికి చిక్కలేదు. 2007లో ఆవాలకు చుట్టమైన అరబిడాప్సిస్ మొక్కలోనూ, వరిలోనూ దాన్ని ఒక చిన్న ప్రోటీనుగా గుర్తించారు. ఆకులో పుట్టి, పోషక నాళాల గుండా కొసకు ప్రయాణించి, ఆకు కావలసిన మొగ్గను పువ్వుగా మార్చేది అదే. వలిసె చేలను పాడుచేసే బంగారు తీగ గురించి అరకు రైతులను అడిగితే దాని మొండితనం గురించి చాలా చెబుతారు. ఆకులు లేని ఈ పరాన్నజీవి రాత్రిని ఎలా కొలుస్తుందో 2020లో చైనాలోని కున్‌మింగ్ వృక్షశాస్త్ర సంస్థ పరిశోధకులు ఒక బంగారు తీగ జాతిపై పనిచేసి కనిపెట్టారు. అది కొలవనే కొలవదు. ఆతిథేయ మొక్క తన కొసకు పంపుకునే ఫ్లోరిజెన్‌నే దారిలో పీల్చుకుని, దానితోపాటే పూస్తుంది.

ఇక అరకు ఆకాశం సంగతి. ఈ లోయ ఉత్తర అక్షాంశం 18 డిగ్రీలకు కాస్త పైన ఉంది. ఇక్కడ జూన్‌లో అతి దీర్ఘమైన పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరులో అతి కురచ పగలు 11 గంటలు. పారిస్‌లో ఇవే 16 గంటలు, 8 గంటల చిల్లర. పారిస్‌లో సెప్టెంబరు చివర రాత్రి రోజుకు మూడున్నర నిమిషాల చొప్పున పెరుగుతుంటే, అరకులో పెరిగేది నిమిషమే. ఆ నిమిషపు తేడాను మబ్బులు కమ్మిన వానాకాలపు చివరలో కూడా ఈ కొండల మొక్కలు గుర్తుపడతాయి. శతాబ్దాలుగా ఇక్కడి విత్తనం ఇక్కడి ఆకాశానికి తగ్గట్టు తన హద్దును దిద్దుకుంది. యూరపు హెంప్ విత్తనాన్ని ఇక్కడ చల్లితే మన జూన్ పగలు కూడా దానికి కురచే కాబట్టి మొలిచిన కొద్దికాలానికే పూసి, నార ఇవ్వకుండా గిడసబారిపోతుంది. ఉత్తరాఖండ్ 2018 నుంచి పారిశ్రామిక హెంప్‌కు లైసెన్సులు ఇస్తోంది కదా, మన కొండల్లో ఎందుకు కుదరదని అడిగేవారు ఈ అక్షాంశపు లెక్కను కూడా గుర్తుంచుకోవాలి.

పూత కాలానికి ప్రకృతిలో అర్థం ఉంది. అక్టోబరులో వానలు వెనుదిరుగుతాయి. పుప్పొడి తడవదు, తేనెటీగ ఎగరగలదు, గింజ పొడి గాలిలో ఎండుతుంది. వలిసె పువ్వు తన పుప్పొడితో తాను గింజ కట్టదు, తేనెటీగ రావలసిందే. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరు. పుప్పొడిని గాలి మోస్తుంది. ఆడ పూగుత్తుల మీద బంకబంకగా ఉండే సన్నని గ్రంథులు ఉంటాయి. మత్తు కలిగించే టీహెచ్‌సీ అనే పదార్థానికి మూలరూపం వాటిలోనే ఎక్కువగా తయారవుతుంది. 1964లో ఇజ్రాయెల్‌లో గావోని, మెషూలామ్ దాని నిర్మాణాన్ని వెల్లడించారు. ఆకుల్లో ఆ పదార్థం తక్కువ, కాండంలో ఇంకా తక్కువ.

మన చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత కొసలు, కాయ పట్టిన కొసలు. కొసలతో కలవకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. మొక్కను అనుమతి లేకుండా పెంచడం మాత్రం ఏ దశలోనైనా నేరమే; పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. పట్టుబడ్డ సరుకు 20 కిలోలు దాటితే కనీస శిక్షే పదేళ్లు. బస్తాలో కాండం ఎంత, ఆకు ఎంత, పూత ఎంత అన్న ప్రశ్న ఒక మనిషి జీవితంలో పదేళ్లకు సమానమవుతుంది. వృక్షశాస్త్రం తెలిసిన సాక్షి కోర్టులో ఎంత అవసరమో దీన్ని బట్టే తెలుస్తుంది.

నాలుగు గోడల మధ్య పెంపకం ఇంతవరకు చెప్పిన సూత్రానికి పరాకాష్ఠ. దాన్ని చట్టబద్ధం చేసిన దేశాల్లో గిడ్డంగుల నిండా దీపాలు పెట్టి, ముందు వేసవిని, తరువాత శరత్తును కృత్రిమంగా సృష్టిస్తారు. తూర్నువా గాజింట్లో గమనించిన సంగతే పరిశ్రమ అయింది. దానికి ప్రకృతి చెల్లిస్తున్న మూల్యం పెద్దది. 2021లో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు అమెరికాలో గదుల్లో పండించే కిలో ఎండు పూతకు, ప్రాంతాన్ని బట్టి, సుమారు 2.3 నుంచి 5.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారాలు వెలువడుతున్నాయని లెక్కగట్టారు. దీపాలూ, గదిని చల్లబరచి తేమ తీసే యంత్రాలూ కారణం. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మాదకద్రవ్యాల జాబితా నుంచి తీసేశాక, బ్యాంకాక్ విమానాల్లో వచ్చే ప్రయాణికుల పెట్టెల్లో ఇలాంటి హైడ్రోపోనిక్ సరుకు శంషాబాద్‌లో తరచూ పట్టుబడుతోంది. సూర్యుడు ఉచితంగా ఇచ్చే ఋతువును కరెంటుతో కొని తెచ్చిన సరుకు అది.

మన్యంలో ఆ ఋతువు ఉచితమే, మిగతావి కావు. 2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకును తగలబెట్టారు. 2024లో ఈగల్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది, కొండల మీద డ్రోన్లు ఎగురుతున్నాయి. పూత కాలం మొక్క గడియారాన్ని బట్టి ముందే తెలిసిపోతుంది కాబట్టి గాలింపు ఎప్పుడు ఉధృతం కావాలో కూడా తెలుస్తుంది. కానీ పెట్టుబడి పెట్టి విత్తనం ఇచ్చే వ్యాపారి మైదానంలో ఉంటాడు, పొలంలో దొరికేది గిరిజన రైతు. అతనికి అదే కాలంలో, అదే నేలలో ప్రత్యామ్నాయం చూపడం శాస్త్రం చేయగల పని.

కాఫీ అందులో మొదటిది. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదీ హ్రస్వ దిన మొక్కే. వానాకాలం వెళ్లాక మొగ్గలు ఏర్పడి, ఎండల్లో నిద్రపోయి, మార్చి, ఏప్రిల్ జల్లు పడ్డ వారం పది రోజులకు తెల్లగా విచ్చుకుంటాయి. అయితే నాటిన మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. ఆ ఖాళీలో ఇల్లు గడవాలంటే ఏటా చేతికొచ్చే పంట కావాలి: రాజ్‌మా, పసుపు, చోళ్లు, వలిసెలు. గంజాయి ఆక్రమించే కాలంలో చాలా భాగం వలిసెలదే. ఆగస్టులో చల్లితే డిసెంబరుకు కోతకు వస్తుంది, గింజలో మూడో వంతుకు పైగా నూనె ఉంటుంది. చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంటల మీద పనిచేస్తోంది. వలిసెలకు ఇప్పుడు అత్యవసరమైన సాయం బంగారు తీగ నుంచి విముక్తి. ఆతిథేయతో పాటే పూసి పాటే పండే ఆ కలుపు గింజ కోతలో వలిసెతో కలిసిపోయి, మరుసటి ఏడు రైతు చేతుల మీదుగానే మళ్లీ పొలానికి చేరుతోంది. బంగారు తీగ గింజ వలిసె కంటే చిన్నది. సన్న జల్లెడ పట్టి శుభ్రం చేసిన విత్తనం ఆగస్టుకు ముందే ప్రతి సంతలో దొరికే ఏర్పాటు చేస్తే ఆ దారి మూసుకుపోతుంది.