గొంతు, చెల్లో, గిటార్: ముగ్గురే ఉంటే పాట ఎలా నిలబడుతుంది?

మ్యూజిక్ స్కూళ్లలో అప్పుడప్పుడు టీచర్లే స్టేజీ ఎక్కుతారు. అలాంటి కచేరీలో గొంతు, చెల్లో, గిటార్ కలిస్తే ఏం జరుగుతుందో ఇవాళ చూద్దాం.

దీన్ని ఛాంబర్ మ్యూజిక్ అంటారు. చిన్న గదికి సరిపోయే సంగీతం అన్నమాట. ఒక్కొక్కరిది ఒక్కో పార్ట్. ముందు నిలబడి నడిపించే కండక్టర్ ఉండడు, మామూలుగా మైకులూ ఉండవు. అసలు చిక్కు ఇక్కడే. గిటార్ తీగ మీటగానే శబ్దం తగ్గిపోతూ ఉంటుంది. చెల్లో మీద కమాను లాగినంతసేపూ నాదం సాగుతుంది. చెల్లో కాస్త గట్టిగా వాయిస్తే చాలు, గిటార్ మునిగిపోతుంది.

బ్రెజిల్ స్వరకర్త విలా-లోబోస్ 1938లో రాసిన ‘ఆరియా’ తీసుకోండి. ఒక సొప్రానో గొంతు, ఎనిమిది చెల్లోలు. అందులో కొన్ని చెల్లోలను వేళ్లతో మీటాలి, అచ్చం గిటార్‌లా! తర్వాత ఆయనే దాన్ని గొంతుకీ గిటార్‌కీ మార్చి రాశాడు. మొదట్లో మాటలుండవు, “ఆ...” అనే రాగమే. మన ఆలాపన గుర్తొస్తుంది. చివర్లో నోరు మూసుకుని హమ్మింగ్. అక్కడ పక్కవాళ్లు తగ్గకపోతే ఆ గొంతు మనదాకా రాదు.

స్టూడెంట్స్ టీచర్ల దగ్గర చూసి నేర్చుకోవాల్సింది ఇదే: ఎప్పుడు తగ్గాలో తెలియడం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఓసారి వినండి, మీకే తెలుస్తుంది.