టేకు మెట్లు గీకిస్తున్నారా?
విజయవాడ వన్‌టౌన్ పాత మేడల్లో టేకు మెట్లున్న ఇళ్లు కొన్ని ఇంకా ఉన్నాయి. పాలిష్ పెట్టించే ముందు పాత రంగు గీకించడం మామూలే. చిక్కంతా ఆ దుమ్ముతోనే.

ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు వేసిన పొరల్లో ఎంతుందో కంటికి తెలియదు. పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే ఆ సీసం గాల్లోకి లేచి నేల మీద పడుతుంది. పాకే పిల్లల చేతులకంటి కడుపులోకి పోతుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందుకే తడిపి రుద్దించండి. ఊడ్చొద్దు, తడిగుడ్డతో తుడవండి. పని అయ్యేదాకా పిల్లలు, గర్భిణులు అమ్మమ్మగారింట్లో ఉంటే మేలు.

ముఖానికి కట్టుకునే తువ్వాలు చాలదు. ఎన్‌95 మాస్కు కావాలి. వడ్రంగికీ ఒకటివ్వండి, ఏళ్ల తరబడి పీల్చే కలప పొడి ముక్కు క్యాన్సర్‌కు దారితీయగలదు.