మీకు తెలుసా? స్టువర్టుపురంలో పాదిరి, పోలీసు, నాస్తికుడు

శ్రీనివాస కళ్యాణం కథలో ఆకాశరాజు ఇంటికి సోది చెప్పడానికొచ్చిన ఎరుకలసాని ఎవరో కూచిపూడిలో చిన్నపిల్లనడిగినా చెబుతుంది. సాక్షాత్తు శ్రీనివాసుడే. బుట్ట చంకన పెట్టుకొచ్చి, రాణి ధరణీదేవి చేయి పట్టుకుని, నీ కూతురి దిగులుకు పెళ్లే మందు అని చెప్పే ఆ ఘట్టానికి జనం ఎక్కడున్నా లేచొచ్చి కూర్చుంటారు. ఆటలో ఇంత మర్యాద ఉన్న ఆ ఎరుకల మనిషి, బయట పొరుగూరు వెళ్లాలంటే చేతిలో పాసు ఉండాలని తెల్లదొరల సర్కారు చట్టం చేసింది. ఆ పాసు ఇచ్చే పెత్తనాన్ని కొన్నిచోట్ల క్రైస్తవ మిషనరీల చేతిలో పెట్టిందని మీకు తెలుసా?

చోటు మరీ దూరం కాదు. కూచిపూడి నుంచి చల్లపల్లి మీదుగా వెళ్లి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటి, రేపల్లె వైపు నుంచి బాపట్ల చేరితే, అక్కడికీ చీరాలకూ మధ్య స్టువర్టుపురం అని ఒక రైలు స్టేషను. ఆ పేరు వినగానే మనవాళ్లకు గుర్తొచ్చేది సినిమాలే. 1991లో ఒక్క ఏడాదే ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలొచ్చాయి, ఒకదాంట్లో చిరంజీవి హీరో. ఆ ‘స్టువర్టు’ ఎవరో మాత్రం ఏ సినిమా చెప్పలేదు.

సర్ హెరాల్డ్ స్టువర్ట్ ఐసీఎస్ అధికారి. 1891 జనాభా లెక్కల్లో మద్రాసు రాష్ట్రం సంపుటం రాసింది ఆయనే. అంటే ఏ కులం ఎంతమంది, ఏ పని చేస్తారు, ఎలాంటివాళ్లు అని చిట్టా కట్టిన మనిషి. తర్వాత 1904లో దేశం మొత్తానికి నేర గూఢచారి విభాగం పెడితే దానికి తొలి అధిపతి అయ్యాడు. ఆ తర్వాత మద్రాసు గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు. కులాలను లెక్కపెట్టినవాడూ, నేరస్థుల జాబితాలు చూసినవాడూ ఒకరే కావడం ఆ కాలపు పరిపాలన గురించి చాలా చెబుతుంది. 1913 ప్రాంతంలో ఎరుకలవాళ్ల కోసం కట్టిన సెటిల్‌మెంటుకు ఆయన పేరే పెట్టారు.

ఇక చట్టం సంగతి. క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో తిరగరాశాక మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నువ్వేం చేశావన్నది దానికి పట్టదు, ఎవరి కడుపున పుట్టావన్నదే లెక్క. పేరు రిజిస్టరుకెక్కితే వేలిముద్ర వేయాలి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి. 1924లో మళ్లీ కూర్చిన చట్టం ప్రకారం 6 ఏళ్లు దాటి 18 నిండని పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో వేయవచ్చు.

ఇందులోకి రక్షణ సైన్యం, అదే సాల్వేషన్ ఆర్మీ, ఎలా వచ్చిందంటే ఫ్రెడరిక్ బూత్-టక్కర్ వల్ల. ఈయనా మొదట పంజాబులో ఐసీఎస్ అధికారే. 1881లో ఆ ఉద్యోగం వదిలి, మరుసటేడు ముగ్గురి తోడుతో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టాడు, చెప్పుల్లేకుండా తిరిగాడు, ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. లండన్ పేదలకు శ్రమ కాలనీలు కట్టాలని సైన్యం స్థాపకుడు విలియం బూత్ 1890లో ఒక పుస్తకమే రాశాడు. ఆ ఆలోచననే ఆయన అల్లుడైన బూత్-టక్కర్ ఇక్కడికి తెచ్చాడు. 1908లో గోరఖ్‌పూర్‌లో డోము కులస్థులకు పెట్టినదాంతో మొదలై మన స్టువర్టుపురం, సీతానగరం దాకా వచ్చింది. కావలిలో ఇదే పని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బాడెన్ చేశాడు. నేరాన్ని ఒక జబ్బుగా, తనను దాని వైద్యుడిగా ఊహించుకుని బూత్-టక్కర్ రాసిన చిన్న పుస్తకం పేరు ‘క్రిమినోక్యూరాలజీ’. పేరులోనే రోగ నిర్ధారణ అయిపోయింది.

అసలు జబ్బు ఎక్కడ మొదలైందో చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన పుస్తకంలో వివరంగా తవ్వారు. ఎరుకలవాళ్లు, తమిళనాట కొరవలు, తరతరాలుగా సంచార వ్యాపారులు. సముద్రపు ఒడ్డున ఉప్పు ఎత్తుకుని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసి, లోతట్టు ఊళ్లకు తోలుకెళ్లి, ధాన్యంతో తిరిగొచ్చేవారు. మన వైపు ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని శాఖలున్నాయంటే ఆ సరుకుల వల్లే. బండి బాట లేని ఊరికి ఉప్పు చేరాలంటే వీళ్లే దిక్కు. 19వ శతాబ్దం సగం గడిచాక రైలు వచ్చింది, వాళ్ల దారుల్లో సరుకు రైలెక్కింది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. అడవి చట్టాలొచ్చి వెదురుకూ ఈతాకుకూ మేతకూ అడ్డం పడ్డాయి. 1876-78 కరువు మిగిలిన పశువుల్ని తినేసింది. బేరం పోయిన వ్యాపారి ఊరూరా తిరుగుతుంటే పోలీసు కంటికి అనుమానాస్పదుడు కాక ఏమవుతాడు? తిరగడమే అతని వృత్తి అన్న సంగతి రిజిస్టరులో రాసే గడి లేదు.

ఇదంతా పాదిరి దొరలకు తెలియలేదా అంటే, కొంత తెలుసు. దొంగతనానికి ఆకలి కారణమని వాళ్ల రాతల్లోనే కనిపిస్తుంది. అయినా మందు మాత్రం హాజరు పట్టీ, ప్రార్థన, పొద్దస్తమానం పని. పనికి చేతులు కావాల్సినవాళ్లు పక్కనే ఉన్నారు. చీరాలలో ఐఎల్‌టీడీ పొగాకు కంపెనీకి స్టువర్టుపురం ఆడవాళ్లూ మగవాళ్లూ కూలికి వెళ్లారు. మానేసి మరోచోటికి పోతానంటే కుదరదు, ఎందుకంటే సెటిల్‌మెంటు దాటిపోవడమే నేరం. ఫ్యాక్టరీకి ఇంతకంటే నమ్మకమైన కూలీ దొరుకుతుందా? భూమి ఇచ్చారు, బడి పెట్టారు, చదువుకున్న ఎరుకల తరం ఒకటి అక్కడి నుంచే వచ్చింది. నిడుబ్రోలులో రక్షణ సైన్యం ఆసుపత్రిలో పురుడు పోసుకున్న ఇళ్లు మన డెల్టాలో చాలా ఉన్నాయి. ఆ మేలును నేను తక్కువ చేయను. కాని తలుపు బయట గొళ్లెం పెట్టి వడ్డించిన అన్నానికి దానమని పేరు పెట్టలేం కదా.

మన్యంలో సంగతి కొంచెం వేరు. ఎగువ గోదావరిలో పడవల కాలువల పనికొచ్చిన ఇంజినీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని మొదలైంది. అక్కడ ఏళ్ల తరబడి ఉన్న రెవరెండ్ జాన్ కెయిన్ కోయల పెళ్లిళ్లు, కొలుపులు, సామెతలు రాసిపెట్టాడు. దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో వచ్చిన థర్‌స్టన్ ఏడు సంపుటాల్లో కోయల వ్యాసం చాలావరకు ఆయన చలవే. ఏ కొలుపులు మానమని బోధించాడో వాటినే అంత శ్రద్ధగా భద్రపరిచాడు!

ఇలాంటి రెండు ముఖాలు ఆస్ట్రేలియాలోనూ ఉన్నాయి. అక్కడి ఆదివాసులను పోలీసులు కాల్చి చంపారని 1926లో ఫారెస్ట్ రివర్ నుంచి గొంతెత్తింది ఎర్నెస్ట్ గ్రిబుల్ అనే ఆంగ్లికన్ మిషనరీ. ఆయన పట్టుదల వల్లే మరుసటేడు విచారణ కమిషన్ కూర్చుంది. ఆ గ్రిబులే అంతకుముందు యారబాలో పిల్లల్ని తల్లిదండ్రులకు దూరంగా డార్మిటరీల్లో పెంచాడు. అలా వేరుచేసిన తరాలకు 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

మన దగ్గర మద్రాసు రాష్ట్రం 1947లోనే క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని తీసేసింది. దేశమంతటికీ తిరుచానూరు వాడైన అనంతశయనం అయ్యంగారు కమిటీ చెప్పాక, 1952 ఆగస్టు 31న పోయింది. పోయిందన్నమాటే గాని, 1948లోనే మద్రాసులో అలవాటు నేరస్థుల చట్టమొకటి తయారై కూర్చుంది. అందువల్ల పోలీసు చూపు మారలేదు.

ఆ చూపు మార్చడానికి 1970ల్లో స్టువర్టుపురం వెళ్లినవాళ్లు ఎవరనుకున్నారు? పాదిరులు కాదు, నాస్తికులు. ఉయ్యూరు దగ్గరి ముదునూరులో నాస్తికోద్యమకారుడు గోరా 1940లో పెట్టి, 1947లో విజయవాడ పటమటకు మార్చిన నాస్తిక కేంద్రం నుంచి ఆయన కొడుకు లవణం, కోడలు హేమలత. (ఉప్పు సత్యాగ్రహం ఏడాది పుట్టాడని లవణానికి ఆ పేరు.) హేమలత కవి గుర్రం జాషువా కూతురు, అంటే క్రైస్తవ ఇంటి ఆడపడుచు. 1960లో బందిపోట్లను మార్చడానికి చంబల్ లోయకు వెళ్లిన వినోబా భావే వెంట నడిచిన అనుభవం ఆమెకుంది. వీళ్ల చేతిలో రిజిస్టరు లేదు, పాసు పుస్తకం లేదు. కేసులున్నవాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడారు, పిల్లల చదువూ పెద్దల బతుకుతెరువూ చూశారు. దేవుడి పేరు ఎత్తనివాళ్లను ఆ ఊరు రానిచ్చిన తీరు చూస్తే, అక్కడివాళ్లకు బోధ కంటే హాజరు పట్టీయే ఎక్కువ విసుగు తెప్పించిందని నాకనిపిస్తుంది.

చివరగా, ధ్రువపత్రాల లోకం నుంచి ఒకటి. ఎరుకల కులం ఇప్పుడు షెడ్యూల్డు తెగ. తెగల జాబితాకు మతం షరతు లేదు కాబట్టి, స్టువర్టుపురం ఎరుకల కుటుంబం చర్చికెళ్లినా గుడికెళ్లినా ఎక్కడికీ వెళ్లకున్నా ఎస్టీయే. షెడ్యూల్డు కులాల జాబితా అలా కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దాన్ని హిందువులకే పరిమితం చేసింది, తర్వాత 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. అందుకే మన డెల్టాలో బాప్తిస్మం నమోదైన మాల, మాదిగ కుటుంబానికి ఎమ్మార్వో ఆఫీసులో వచ్చేది ఎస్సీ పత్రం కాదు, బీసీ-సీ. ఆంధ్రప్రదేశ్ రిజర్వేషన్లలో దాని వాటా 1 శాతం.