గెల బరువు చెప్పని సంగతి

అరటి రకాలను పోల్చే ఏ పట్టిక చూసినా గెల బరువు, హస్తాల సంఖ్య, ఎకరా దిగుబడి ఉంటాయి. ఆ నేలలో అంతకుముందు ఏం పండింది, ఏ తెగులు వచ్చింది అన్నది మాత్రం కనపడదు. 2024 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా అనుమతించిన జన్యుమార్పిడి అరటి క్యూకావ్-4 పరీక్ష ఇందుకు పూర్తిగా భిన్నం. అడవి అరటి జన్యువు చేర్చిన ఆ కావెండిష్ మొక్కల్ని పనామా తెగులు పాతుకున్న నేలలోనే కావాలని నాటారు. మూడేళ్లలో పక్కనున్న మామూలు మొక్కల్లో 67 నుంచి 100 శాతం దాకా చచ్చిపోయాయి, లేదా తెగులు బారిన పడ్డాయి. ఈ రకం మాత్రం నిలిచింది. రకాల మధ్య అసలైన పోలిక ఇలా ఉండాలి.

ఎందుకో తెలియాలంటే వేరులోకి వెళ్లాలి. పనామా తెగులు తెచ్చే ఫ్యుజేరియం శిలీంధ్రం నీటి నాళంలో చేరాక దాని సూక్ష్మబీజాలు నీటితోపాటు పైకి కొట్టుకుపోతాయి. నాళానికీ నాళానికీ మధ్య ఉన్న జల్లెడలాంటి గోడ దగ్గర చిక్కుకుని, అక్కడే మొలకెత్తి, పోగును అవతలికి పంపి, మళ్లీ బీజాలు వదులుతాయి. మొక్క కూడా ఊరుకోదు. ఆ గోడ పైభాగాన జిగురు ఊరుతుంది, తర్వాత పక్క కణాలు నాళంలోకి ఉబ్బి దారి మూసేస్తాయి. తట్టుకునే రకంలో శిలీంధ్రం ఇంకా వేరులో ఉండగానే, కొద్ది రోజుల్లోనే ఈ పని పూర్తవుతుంది. లొంగిపోయే రకంలో అడ్డు ఆలస్యంగానో బలహీనంగానో పడుతుంది. అప్పటికే బీజాలు ముందుకు సాగి దుంపలో చేరి ఉంటాయి. ఇక ఎక్కడికక్కడ నాళాలు పూడుకుపోయి మొక్కకే నీళ్లందవు, ముదురాకులు పసుపెక్కి మొదలు చుట్టూ వేలాడతాయి. రక్షించేదీ చంపేదీ ఒకే అడ్డు, తేడా వేగంలో ఉంది. వడలు తెగుళ్లన్నిటికీ శిలీంధ్ర విషమే మూలమని స్విట్జర్లండ్ శాస్త్రజ్ఞుడు గోయ్‌మన్ గట్టిగా వాదించాడు. విషానికీ కొంత పాత్ర ఉండవచ్చు. కానీ అరటి వేళ్లను కోసి చూసిన బెక్‌మన్ పరిశోధనలు ఈ నాళాల పందేన్నే ముందుకు తెచ్చాయి.

గెలలు తూచి చూస్తే ఈ వేగం తెలియదు. గ్రో మిషెల్ రకం గెల పెద్దది, ఓడ ప్రయాణానికి ఓర్చే కాయ. అందుకే తెగులుకు లొంగుతున్నా మధ్య అమెరికాలోని కంపెనీలు దాన్నే పట్టుకు వేలాడాయి. హోండురస్‌లో తోటల్ని నెలల తరబడి నీట ముంచినా శిలీంధ్రం తిరిగొచ్చింది. చివరికి తక్కువగా చూసిన కావెండిష్‌కే మారారు. మన అమృతపాణిదీ అదే కథ. రుచిలో దానికి సాటి లేదు, కానీ తెగులు పట్టిన నేలలో నిలవదు. కర్పూర చక్కెరకేళి, గ్రాండ్ నైన్ మాత్రం గ్రో మిషెల్‌ను దెబ్బతీసిన పాత జాతి శిలీంధ్రానికి ఆగుతాయి. బీహార్‌లో ఇప్పటికే బయటపడిన కొత్త జాతి టీఆర్4 ముందు గ్రాండ్ నైన్ కూడా లొంగిపోతుంది.

టిష్యూకల్చర్ మొక్క శుభ్రమైనదే కదా, నేల చరిత్ర ఎందుకంటారు కొందరు. శుభ్రమైన మొక్క తెగులును మోసుకురాదు, అంతే. నేలలో దశాబ్దాలు బతికే బీజాల నుంచి అది తప్పించుకోలేదు. పరిశోధన క్షేత్రానికి తెగులు అంటించమంటారా అన్న అభ్యంతరం న్యాయమైనదే, ఎవరూ ఆ పని చేయకూడదు. అందుకు అవసరమూ లేదు. తెగులు ఇప్పటికే ఉన్న రైతుల తోటల్లోనే, మొదటి గెలతో ఆపకుండా రెండో, మూడో పిలక పంటల దాకా, ఎన్ని మొక్కలు మిగిలాయో లెక్క రాస్తే చాలు. ఆ ఒక్క గడి కలపడం పెద్ద పనేమీ కాదు, అయినా పట్టికల్లో దానికి చోటు దొరకడం లేదు.