మూడో రోజు ఆవకాయ ఏం చెబుతుంది?

ఆవకాయ కలిపిన మూడో రోజు జాడీ మూత తీసి, తిరగ కలిపి, వేడన్నంలో రెండు ముద్దలు తిని చూడటం మనందరికీ అలవాటే. "అబ్బ, భలే కుదిరింది" అనుకుంటే చాలదండీ. ఆ రోజు చూడాల్సింది ఇప్పటి రుచి కాదు, వచ్చే సంక్రాంతికి ఎలా ఉంటుందన్నది.

మూడో రోజుకే ఉప్పు సరిగ్గా సరిపోయిందంటే నాకైతే అనుమానమే. ఊటలోని ఉప్పు ఇంకా ముక్కలోకి దిగాలి కదా! దిగేకొద్దీ ఊట చప్పబడుతుంది. అందుకని ఆ రోజు నాలుకకి ఉప్పు పిసరంత ముందుగా తగలాలి. ఆవపిండి చేదుగా ఉన్నా కంగారు పడకండి, రోజులు గడిచేకొద్దీ అదే తగ్గుతుంది. టెంక దగ్గర కొరికితే పళ్ళు పులిసి, వగరు తెలియాలి. టెంక పట్టని లేత ముక్క ఇప్పుడు హాయిగానే ఉంటుంది, దసరా నాటికి గుజ్జైపోతుంది.

ఇలా రుచి చూడటం మనకొక్కరికే తెలిసిన విద్య కాదు. ఇటలీలో పీడ్‌మాంట్ అనే ప్రాంతంలో నెబ్బియోలో ద్రాక్షతో బరోలో అనే ఎర్ర వైన్ చేస్తారు. మనం ముట్టేది కాదులెండి, సంగతి మాత్రం వినదగ్గది. ద్రాక్ష తొక్కల్లోంచీ గింజల్లోంచీ దిగే టానిన్ వల్ల కొత్తలో అది వక్క నమిలినట్టు నోరు పట్టేస్తుంది. పులుపూ ఎక్కువే. అయినా తెలిసినవాళ్ళు ముఖం చిట్లించరు. ఆ వగరూ పులుపూ ఉంటేనే ఏళ్ళ తరబడి నిలుస్తుందని వాళ్ళ లెక్క. అక్కడి నిబంధన ప్రకారం కనీసం 38 నెలలు, అందులో 18 నెలలు చెక్క పీపాల్లో, మాగాకే అమ్మాలి. నేరేడు పళ్ళు తిన్నాక మన నాలుక మొద్దుబారుతుందే, అదీ టానిన్ పనే.

వాళ్ళకి ద్రాక్ష ఎలాగో మనకి కాయ అలాగ. మన సంగారెడ్డి ఫల పరిశోధన కేంద్రం వాళ్ళు రుమాని, నీలం కలిపి మంజీర అనే మామిడి తెచ్చారు. పీచు లేని తియ్యటి పండు, తినడానికి బాగు. ఆవకాయకి మాత్రం అంగట్లో పుల్లటి, పీచున్న, టెంక ముదిరిన కాయే అడగండి.

ఇంకో మాట. ఇంట్లో బి.పి. ఉందని కొందరు జాడీలోనే ఉప్పు తగ్గిస్తున్నారు. దానికి బూజు పట్టక ఏమవుతుంది? పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలకి పొద్దున షిఫ్టుకి పోయేవాళ్ళ డబ్బాలో, కూర కుదరని రోజున ఆదుకునేది ఆ జాడీయే. ఉప్పు తగ్గించాల్సింది జాడీలో కాదు, కంచంలో. బి.పి. ఉన్నవాళ్ళకి చిన్న ముక్కతో సరి, డాక్టరు వద్దంటే అదీ వద్దు.

మూడో రోజు చప్పగా అనిపిస్తే అప్పుడే సరిచేయండి. కల్లుప్పు వేయించి, చల్లారాక దంచి, కొంచెం కొంచెంగా కలపండి. నూనె ముక్కల మీద తేలకపోతే అదీ పోయండి. మర్నాడు మళ్ళీ ఓ ముక్క రుచి చూడండి, గరిటె మాత్రం పొడిగా ఉండాలి సుమా.