ఇనప మూకుడు, గాజు గిన్నె

ఆ ఆదివారం గుడివాడలో మా పెద్దమ్మ వంటింటి గట్టు మీద రెండు పాత్రలున్నాయి. ఒకటి గాజు గిన్నె. రెండోది ఆవిడ కాపురానికి వచ్చినప్పటి ఇనప మూకుడు. రెండింట్లోనూ ఒకటే గోరింటాకు. దివిసీమలో, నాగాయలంక దగ్గర పుట్టింటి పెరట్లో కోసి, నీడన ఆరబెట్టి, దంచి, పల్చటి గుడ్డలో జల్లించి తెచ్చుకుంది. గిన్నెలో నిమ్మరసం పిండి కలిపింది. మూకుడులో టీ డికాక్షను పోసి, ఉసిరి పొడి వేసి కలిపింది. రాత్రంతా రెండింటి మీదా మూతలు పెట్టి ఉంచింది. తెల్లారి చూస్తే గిన్నెలోది పచ్చని ముద్ద, పైపొర మాత్రం ఇటుక రంగుకు తిరిగింది. మూకుడులోది రేగడి బురదలా నల్లగా ఉంది.

ఇదంతా మా అక్క కూతురి కోసం. బందరులో ఇంటరు చదువుతోంది. ముందు రెండు పాయలు ఎర్రగా, మిగతా జుట్టంతా నల్లగా కావాలని పట్టుబట్టి వచ్చింది. పెద్దమ్మ దాని జడ విప్పి చూసి, "నీ జుట్టు ఇంత నల్లగా ఉంటే ఎరుపు ఎక్కడ కనపడుతుందే? నాది చూడు, ఉతికిన పంచెలా ఉంది. రెండు రంగులు పడితే నా తల మీదే పడాలి" అంది. పిల్ల పకపకా నవ్వింది. పెద్దమ్మ అన్నది మాత్రం అక్షరాలా నిజం. ఎందుకో తెలియాలంటే ముందు వెంట్రుక లోపలికి చూడాలి.

వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాని ఒంటి నిండా ఉన్నది కెరటిన్ అనే ప్రోటీను. పైన పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి కప్పుకున్న సన్నని పొలుసులు, లోపల గుజ్జు. ఆ గుజ్జులోనే మెలనిన్ రేణువులు ఉంటాయి. నలుపంతా వాటిదే. వయసు మీద పడ్డాక కుదురు దగ్గర మెలనిన్ తయారీ ఆగిపోతుంది, కెరటిన్ మాత్రం మామూలుగానే పెరుగుతుంది. రంగు లేని ఆ దారమే తెల్ల వెంట్రుక.

గోరింటాకులోని రంగు పదార్థం పేరు లాసోన్. ఎండుటాకు బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర పాళ్లు ఉంటుంది. పులుపు తగిలితే అది ఆకులోంచి బాగా విడివడుతుంది, కెరటిన్‌ను నేరుగా పట్టుకుంటుంది. అరిచేయి, గోరు, వెంట్రుక మూడింట్లోనూ కెరటిన్ ఉంది కనుకే ఆషాఢంలో అరిచేత పండిన ఆకు తల మీదా పండుతుంది. కానీ లాసోన్ రంగు వేయగలదే తప్ప ఉన్న రంగును తీయలేదు. తెల్ల వెంట్రుక మీద అది నారింజ కలిసిన ఎరుపు. నల్ల వెంట్రుక మీద ఎండలో నిలబడితే తప్ప కనపడని మెరుపు.

మరి మూకుడులో నలుపు ఎక్కణ్ణించి వచ్చింది? టీలోనూ ఉసిరిలోనూ టానిన్లు ఉంటాయి, నోటికి వగరు తగిలేది వాటివల్లే. ఇనుము కొద్దిగా కరిగి వాటితో కలిస్తే నల్లని పదార్థం పుడుతుంది. ఒకప్పుడు యూరపులో కలాలు ముంచి రాసిన సిరా ఇదే. మన దగ్గర ఈ నలుపును ఇప్పటికీ పెద్ద ఎత్తున చేసే ఊరు గుడివాడ నుంచి బందరు వెళ్లే రైలు దారిలోనే ఉంది. గుడ్లవల్లేరు, కవుతరం దాటాక వచ్చే పెడన.

పెడన కలంకారీ పనివాళ్లు ముందుగా బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. కరక్కాయ నిండా టానిన్లే. తుప్పు పట్టిన ఇనప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే వచ్చే ద్రవాన్ని కసిమి అంటారు. టేకు అచ్చును కసిమిలో అద్ది బట్ట మీద వేసిన క్షణంలో గీత నల్లబడుతుంది. ఎరుపు రావలసిన చోట వేసేది పటిక నీళ్లు. అప్పటికి అక్కడ ఎరుపు జాడ కూడా ఉండదు. ఉతికి ఆరేసి, రంగు కాగుతున్న డేగిసాలో వేసి ఉడికిస్తే, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. కసిమి పడిన చోటు నల్లగానే ఉంటుంది. ఒకే బట్ట, ఒకే కాగు, రెండు రంగులు. రంగు ఎంత ముఖ్యమో, దాన్ని పట్టి నిలిపే లోహమూ అంతే ముఖ్యం. ఈ రహస్యాన్ని రసాయన శాస్త్రం అనే మాట పుట్టకముందే చేతుల్లో పెట్టుకున్నవాళ్లు మన రంగుల అద్దకం పనివాళ్లు. ఆ పని గురించి చదివిన ప్రతిసారీ నాకు గుండె నిండుతుంది.

ఆ ఎరుపుకు పూర్వం వాడింది చిరివేరు. తీరం వెంబడి ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరు రేవులో దిగింది ముఖ్యంగా ఇలాంటి అద్దకపు బట్టల కోసం. 1618 నుంచి 1622 దాకా బందరులో ఉన్న విలియం మెథ్వోల్డ్ తన గోల్కొండ వృత్తాంతంలో ఈ వేరు గురించి ప్రత్యేకంగా రాశాడు. చిరివేరులో ఉన్న రంగు పదార్థం అలిజరిన్. 1868లో గ్రాబే, లీబెర్‌మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు దాన్ని తారులోంచి తయారు చేశారు. ఏడాది తిరగకుండానే పేటెంట్లు పడ్డాయి. ఆ తర్వాత ఇసుక తవ్వి వేర్లు ఏరే పని నానాటికీ సన్నగిల్లింది. ఇప్పుడు పెడనలో చాలా డేగిసాల్లో కాగేది తయారీ అలిజరినే.

మార్కెట్లో దొరికే జుట్టు రంగు కూడా ఆ తారులోంచే వచ్చింది. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ కోసం వెతుకుతూ తారులోంచి తీసిన పదార్థంతో ఊదా రంగును కనుక్కున్నాడు. అతని గురువు హాఫ్‌మన్ 1863లో పారాఫినైలిన్ డైఅమైన్ అనే పదార్థాన్ని వర్ణించాడు. క్లుప్తంగా పీపీడీ అంటారు. దానికి రంగు లేదు, కానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే నల్లబడుతుంది. 1883లో పారిస్‌లో మొన్నే కంపెనీ ఈ జతకు జుట్టు రంగుగా పేటెంటు తీసుకుంది. 1907లో యూజీన్ ష్యూలర్ అనే యువ కెమిస్టు తన రంగులను పారిస్ మంగలి షాపులకు అమ్మడం మొదలుపెట్టాడు. 1909లో అతను పెట్టిన కంపెనీయే తర్వాత లోరియల్ అయింది.

ఈ రంగు పని చేసే తీరు చూడముచ్చటగా ఉంటుంది. అమ్మోనియా పొలుసులను ఉబ్బించి తెరుస్తుంది. చిన్న అణువులు లోపలికి దూరతాయి. పెరాక్సైడ్ వాటిని ఒకదానికొకటి అతికించి పెద్ద రంగు అణువులు చేస్తుంది. ఇక అవి వచ్చిన దారిన బయటికి పోలేవు. అదే పెరాక్సైడ్ మెలనిన్‌ను కూడా కరిగిస్తుంది. నల్ల జుట్టు వరుసగా గోధుమ, రాగి, నారింజ, పసుపు రంగులకు దిగుతుంది. మా పిల్లకు కావలసిన ఎరుపు రావాలంటే ఆ రెండు పాయలనూ రాగి రంగు దాకా దింపాలి. పొలుసులు చెదిరి, జుట్టు పీచులా తయారవుతుంది. పైగా లోహపు లవణాలు కలిపిన గోరింటాకు పొడి పెట్టిన తల మీద పెరాక్సైడ్ పోస్తే వేడి పుట్టి వెంట్రుకలు తెగిపోవచ్చు. రెండు పద్ధతులూ ఒకే తల మీద కలపకూడదు.

పీపీడీ గురించి ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. కొందరి ఒంటికి అది పడదు. దురద, పొక్కులు, కళ్లు పూడిపోయేంత వాపు వస్తాయి. అందుకే ముందు మోచేతి మడతలోనో చెవి వెనకనో చుక్క పెట్టి 48 గంటలు ఆగాలి. ఐరోపా దేశాల్లో తలకు పెట్టే రంగులో అది 2 శాతానికి మించకూడదు. ఒంటి మీద పెట్టుకునే వాటిలో అసలే ఉండకూడదు. అరచేతికి పెట్టుకునే 'నల్ల గోరింటాకు'లో తరచూ ఉండేది ఇదే. గోరింటాకు తనంతట తాను నల్లగా పండదు. పీపీడీ ఉన్న పొడి కడుపులోకి పోతే గొంతు వాచి ఊపిరి ఆడదు, కండరాలు కరిగి కిడ్నీలు దెబ్బతింటాయి. ఆంధ్ర ఆసుపత్రుల డాక్టర్లు ఇలాంటి కేసుల గురించి వైద్య పత్రికల్లో పదే పదే రాశారు. రంగు ప్యాకెట్టు ఇంట్లో ఉంటే తాళం వేసిన అలమరలో ఉండాలి. పొరపాటున ఎవరైనా మింగితే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

మా వంటింటి పని పెద్దమ్మ తల మీదే సాగింది. ముందు రెండు పాయలూ విడదీసి, పాపిడి పక్కన కొబ్బరినూనె దట్టంగా రాశాం. నూనె ఉన్నచోట ఆకు పట్టదు. ఆ పాయలకు గిన్నెలోది పట్టించి అరిటాకు ముక్కల్లో చుట్టాం. మిగతా తలంతా మూకుడులోది. మూడు గంటల తర్వాత విడివిడిగా కడిగితే పాయలు ఎర్రగా, మిగతాది ముదురు గోధుమ రంగులో తేలాయి. దాని మీద నీలి ఆకు పొడి పెట్టాలి. నీలితో నిదానం పనికిరాదు. తడి తగలగానే ఆకులోని ఇండికాన్ విడిపోయి, గాలిలో నీలంగా మారుతుంది. కలిపిన పావుగంటలో పెట్టెయ్యాలి, లేకపోతే ఆ మార్పంతా గిన్నెలోనే జరిగిపోతుంది. తెల్ల జుట్టు మీద ఒట్టి నీలి పెడితే పచ్చగా తేలుతుంది. కింద గోరింటాకు ఎరుపు ఉంటేనే రెండూ కలిసి నలుపు.

గంటన్నర తర్వాత కడిగాం. పెద్దమ్మ అద్దంలో చూసుకుని ముఖం చిన్నబుచ్చుకుంది, నలుపు పూర్తిగా రాలేదు. "రెండు రోజులు గాలి తగలనీ పెద్దమ్మా" అన్నాను. మూడో రోజు ఫోను చేసి, గుళ్లో పక్కింటావిడ ఆగి చూసిందని చెప్పింది.

పిల్ల కూడా ఊరుకోలేదు. గిన్నెలో మిగిలిన ముద్ద తన పాయలకు పట్టించుకుంది. ఇంట్లో చూస్తే మార్పేమీ లేదు. బందరు రైలెక్కడానికి స్టేషనుకు వెళ్తుంటే ఎండ తగిలి ఆ రెండు పాయలూ రాగి తీగల్లా మెరిశాయి. ఫోను తీసి అక్కడే ఫొటో తీసుకుంది.

జుట్టు నెలకు సెంటీమీటరు పెరుగుతుంది. నెల తిరిగేసరికి పెద్దమ్మ పాపిట్లో తెల్ల గీత పడింది. మూకుడు కడగకుండా అటక మీద పెట్టించింది, వచ్చే ఆదివారానికి కావాలట.